ఒంటరిగా 88, నలుగురిలో 98: ఆ పది స్ట్రోకులు ఎక్కడ పోతున్నాయి?

ప్రశ్న: నెలకు రెండుసార్లు చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లి గోల్ఫ్ ఆడతాను. ఒక్కడినే ఆడితే 18 హోల్స్‌కు (గుంతలకు) 88 స్ట్రోకులు, అంటే దెబ్బలు, పడతాయి. ఎంత తక్కువైతే అంత మేలు కదా. స్నేహితులతో ఫోర్‌బాల్ (నలుగురు కలిసి ఆడే ఆట) ఆడినా, క్లబ్ పోటీలో దిగినా 98 కంటే తగ్గదు. అదే కోర్సు, అవే క్లబ్బులు, అదే చెయ్యి. ఎందుకిట్లా?
– ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ముందు ఆ 88ని విప్పి చూడాలి. ఒక్కరే ఆడేటప్పుడు బంతి హద్దు దాటితే చాలామంది జేబులోంచి ఇంకొకటి తీసి కొడతారు, మొదటిదాన్ని లెక్కలోకి రానివ్వరు. నిబంధన ప్రకారం దానికి ఒక పెనాల్టీ పడుతుంది, మళ్లీ అక్కడినుంచే కొట్టాలి. అంటే టీ (హోల్ మొదలుపెట్టే చోటు) మీద రెండోసారి కొట్టేది మూడో స్ట్రోకు. లెక్కలోకి రానివ్వకుండా ఇలా మళ్లీ కొట్టడాన్నే మల్లిగన్ అంటారు. ఒక్కో మల్లిగన్ వెనక రెండు స్ట్రోకులు దాక్కుంటాయి. గుంతకు మూడడుగుల్లో ఆగిన బంతిని ‘ఇది పడేదేలే’ అని చేత్తో తీసుకోవడం ఇంకొకటి. రెండు మల్లిగన్లకు నాలుగు, అలా తీసేసుకున్న ఆరేడు పట్‌లలో (బంతిని గుంతలోకి మెల్లగా దొర్లించే దెబ్బల్లో) నిజంగా తప్పిపోయే ఒకటో రెండో కలిపితే మీ 88 కాస్తా 93, 94 అవుతుంది. మొత్తం దెబ్బలు లెక్కించే స్ట్రోక్‌ప్లే పోటీలో ప్రతి బంతినీ గుంతలో పడేదాకా ఆడాల్సిందే. కాబట్టి నలుగురిలో మీరు పోగొట్టుకుంటున్నది పది కాదు, నాలుగైదు.

ఆటగాడి స్థాయిని ఒక అంకెలో చెప్పే ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతి కూడా ఒంటరి రౌండును లెక్కలోకి తీసుకోదు, తోడుగా కనీసం ఒక్కరు ఉండాలంటుంది. ఆ హ్యాండిక్యాప్ కూడా మీ సగటు ఆట కాదు, చివరి 20 రౌండ్లలో మేలైన ఎనిమిదింటి సగటు మీద కట్టింది. పోటీ రోజున దానికంటే రెండు మూడు స్ట్రోకులు ఎక్కువొస్తే అది మామూలు రోజే. ‘ఒత్తిడికి కూలిపోయాను’ అని మనసులో రాసుకోకండి.

ఇక మిగిలిన నాలుగైదు. వాటిలో కొన్నిటిని కాలం తినేస్తుంది. ఒక్కరే ఆడితే నడుస్తారు, చూస్తారు, కొడతారు. మూడు గంటల్లో ముగుస్తుంది. నలుగురు కలిస్తే నాలుగు, నాలుగున్నర గంటలు. ప్రతి టీ దగ్గరా ముందు జట్టు కదిలేదాకా నిలబడాలి. ఒళ్లు చల్లబడుతుంది, ఆ ఖాళీలో మనసు స్కోరు లెక్కలు వేస్తుంది. దీనికి తోడు పలమనేరు, ముళబాగల్, కోలారు మీదుగా మూడు గంటలకు పైగా కారులో కూర్చుని వచ్చినవారు నేరుగా మొదటి టీ ఎక్కితే నడుము తిరగదు. స్వింగ్ మొత్తం చేతులతోనే సాగుతుంది. ఆట మొదలయ్యే సమయానికి 40 నిమిషాల ముందే చేరేలా బయలుదేరండి.

తక్కినదంతా దృష్టి చేసే పని. పక్కన మనుషులుంటే ఒంట్లో ఉద్రేకం పెరుగుతుందనీ, బాగా పట్టుబడ్డ పని అప్పుడు ఇంకా మెరుగవుతుందనీ, పట్టుబడని పని చెడుతుందనీ రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో వివరించాడు. 1982లో అమెరికాలో పూల్ (బల్ల మీద కర్రతో బంతులు కొట్టే ఆట) ఆడేవాళ్ల మీద దీన్ని పరీక్షించారు. నలుగురు వచ్చి బల్ల పక్కన నిలబడగానే మంచి ఆటగాళ్ల గురి తప్పని షాట్లు 71 శాతం నుంచి 80కి పెరిగాయి, అంతంతమాత్రం వాళ్లవి 36 నుంచి 25కి పడ్డాయి. నలుగురిలో మీ ఆటలో ఏది ముందుగా చెడుతోందో గమనించండి. మీకింకా పట్టుబడనిది అదే. సాధన అక్కడ మొదలుపెట్టాలి.

అయితే బాగా వచ్చినదీ చెడే సందర్భం ఉంది. 1996లో మాస్టర్స్ అనే పెద్ద గోల్ఫ్ పోటీలో గ్రెగ్ నార్మన్ ఆరు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రోజు మొదలుపెట్టి 78 కొట్టాడు, 67 కొట్టిన నిక్ ఫాల్డో చేతిలో ఐదు స్ట్రోకులతో ఓడాడు. అలాంటి ఆటగాళ్లకు చేతకాక కాదు. అలవాటుగా తనంతట తాను సాగిపోయే కదలికను, తప్పు జరగకూడదన్న భయంతో ముక్కలు ముక్కలుగా నడిపించబోతే అది గతి తప్పుతుంది. నోటికి వచ్చిన పద్యాన్ని అక్షరం అక్షరం తడుముకుంటూ చెబితే మధ్యలో ఆగిపోవడం లాంటిదే ఇది. అప్పుడు పిడికిలి బిగుస్తుంది, ముంజేయి గట్టిపడుతుంది, బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ను వెనక్కి ఎత్తడం) సగంలో ఆగుతుంది, పైనుంచి దిగేటప్పుడు భుజాలు తొందరపడతాయి, క్లబ్ ముఖం తెరుచుకుని బంతి కుడికి పోతుంది. పట్‌లో అయితే క్లబ్ బంతి దగ్గరికి రాగానే నెమ్మదిస్తుంది, పడిందో లేదోనని తల ముందే లేస్తుంది.

ప్రశ్న: మరి మొదటి టీ మీద అందరూ చూస్తుంటే ఏం చేయాలి? స్నేహితుడు డ్రైవర్‌తో (దూరం కొట్టే పెద్ద క్లబ్‌తో) 250 గజాలు కొడతాడు, నాకు 200 దాటదు.
– అదే పాఠకుడు

జవాబు: ఆయన ఏ క్లబ్ తీశారో చూడకండి. నలుగురిలో పోయే స్ట్రోకుల్లో కొంత వాటా ఈ పోలికదే. 200 కొట్టే చెయ్యి 230 కోసం లాగితే హద్దు అవతల పడుతుంది, అక్కడే రెండు పోయాయి. మొదటి టీ మీద పదింట ఎనిమిదిసార్లు నేరుగా పోయే క్లబ్ తీయండి. హైబ్రిడ్ కావచ్చు, ఏడో నంబర్ ఐరన్ అయినా తప్పులేదు. ఆటకు ముందు సాధన చేసే రేంజ్‌లో చివరి ఐదు బంతులూ దానితోనే కొట్టి రండి.

తర్వాత, కొట్టే ముందు చేసే పనుల వరుస ఒంటరిగా ఉన్నా నలుగురిలో ఉన్నా మారకూడదు. బంతి వెనక మూడు అడుగుల దూరంలో నిలబడి లక్ష్యం చూడండి. ఆ గీత మీదే బంతికి ఒక గజం ముందున్న ఎండుటాకో గడ్డి మచ్చో గుర్తుపెట్టుకోండి. ఒకే ఒక్క ఉత్తి స్వింగ్. ఊపిరి నెమ్మదిగా పూర్తిగా వదలండి. క్లబ్ ముఖాన్ని ఆ గుర్తుకు సరిపెట్టి, పాదాలు కుదుర్చుకుని, లక్ష్యం వైపు రెండుసార్లు చూసి కొట్టేయండి. ఇదంతా 20, 25 సెకన్లు. మీ వంతు వచ్చాక 40 సెకన్లకు మించకూడదని నిబంధనల పుస్తకం కూడా సలహా ఇస్తుంది. ఎక్కువసేపు నిలబడితే జాగ్రత్త పెరగదు, చేతులు బిగుస్తాయి.

నాలుగు గంటలూ ఏకాగ్రతగా ఉండాలనుకోవడం పొరపాటు. 90 స్ట్రోకులకు తలా 40 సెకన్లు వేసుకున్నా గంటే. తక్కిన సమయమంతా హాయిగా మాట్లాడుకోండి. బంతికి పది అడుగుల దూరంలో మాట ఆపి, గ్లవ్ పట్టీ బిగించి, వరుస మొదలుపెట్టండి.

ప్రశ్న: తిరుపతిలో గోల్ఫ్ కోర్సు దగ్గరలో లేదు. ఇంట్లోనే పోటీ ఒత్తిడికి అలవాటు పడే మార్గం ఉందా?
– ఒక పాఠకురాలు, కె.టి. రోడ్డు, తిరుపతి

జవాబు: పట్ వరకు బాగా ఉంది. గ్రానైట్, టైల్స్ నేల మీద బంతి మరీ జారిపోతుంది, దాని మీద వేగం నేర్చుకోవద్దు. జంపఖానా ముడతల్లేకుండా పరిచి, మూడడుగుల దూరంలో గుంత వెడల్పు, అంటే 108 మిల్లీమీటర్ల వృత్తం సుద్దతో గీయండి. పట్టర్ తలకు అటూ ఇటూ వేలెడు ఖాళీ ఉండేలా రెండు నాణేలు పెట్టి, వాటి మధ్య నుంచి కొట్టండి. నాణెం తగిలితే క్లబ్ దారి తప్పినట్టే.

వరసగా పది పడాలి. ఏడో ఎనిమిదో పడ్డాక తప్పితే మళ్లీ సున్నా నుంచి. తొమ్మిదో బంతి దగ్గర గుండె కొట్టుకోవడం మీకే తెలుస్తుంది, కావలసింది అదే. నాలుగు రోజులయ్యాక ఇంట్లోవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టండి, లేదా ఫోన్‌లో వీడియో తీస్తూ కొట్టండి. 2001లో సియాన్ బైలాక్, థామస్ కార్ పట్టింగ్ మీద చేసిన ప్రయోగంలో కెమెరా ముందు సాధన చేసినవారు ఒత్తిడిలో చెడలేదు, మామూలుగా సాధన చేసినవారు చెడ్డారు. తీసిన వీడియో చూసుకోనక్కర్లేదు. ఎవరో చూస్తున్నారన్న ఇబ్బంది అలవాటు కావడమే దాని ప్రయోజనం.

కొట్టే ముందు చూపు బంతి వెనక అంచు మీద రెండు సెకన్లు నిలపండి. బంతి వెళ్లాక కూడా ఆ ఖాళీ చోటునే ఒక క్షణం చూడండి. కెనడాలో జోన్ వికర్స్ నిపుణుల పట్టింగ్‌లో గమనించిన సంగతి ఇది. తల ముందే లేచే జబ్బుకు ఇంతకంటే మంచి మందు మాకు కనపడలేదు. మనసు చేతుల మీదికి పోతుంటే వెనక్కి తీసేటప్పుడు ‘ఒకటి’, బంతికి తగిలేటప్పుడు ‘రెండు’ అని లోలోపల అనుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి షటిల్ ఆడుతుంది. సాధనలో పొరపాటు లేని సర్వీసు మ్యాచ్‌లో నెట్‌కు తగులుతోంది. ఇవన్నీ తనకూ పనికొస్తాయా?
– ఒక తల్లి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: పనికొస్తాయి. సర్వీసు కూడా మన తీరికలో మనం మొదలుపెట్టే పనే, అందుకే అక్కడ ఆలోచన దూరుతుంది. కుడిచేతి వాటం అయితే ఇంకో చిన్న ఉపాయం ఉంది. జర్మనీలో 2013లో వెలువడిన ప్రయోగాల్లో, ఆటకు ముందు ఎడమ చేత్తో మెత్తటి బంతిని కొద్దిసేపు పిసికిన ఆటగాళ్లు ఒత్తిడిలోనూ నిలబడ్డారు. వాటిలో బ్యాడ్మింటన్ సర్వీసూ ఉంది. పాయింట్ పోయినప్పుడు గ్యాలరీ నుంచి ‘చెయ్యి ఎత్తు, మణికట్టు తిప్పు’ అని మాత్రం అరవకండి.

ప్రశ్న: అయితే ఒంటరిగా ఆడటం మానేయాలా?
– ఒక పాఠకుడు, కొంగారెడ్డిపల్లె, చిత్తూరు

జవాబు: మానొద్దు, దాన్ని కఠినం చేసుకోండి. కోర్సు ఖాళీగా ఉన్న రోజున, వెనక ఎవరూ లేనప్పుడు, ప్రతిచోటా రెండు బంతులు కొట్టి, చెడ్డగా పడిన చోటి నుంచే మళ్లీ రెండూ కొట్టండి. పట్ రెండుసార్లూ పడితేనే హోల్ పూర్తయినట్టు. తొమ్మిది హోల్స్ చాలు, స్కోరు చాలా ఎక్కువొస్తుంది, బెదిరిపోకండి. మల్లిగన్‌కు ఇందులో చోటే లేదు. మూడడుగుల పట్ విలువ ఎంతో మొదటి గ్రీన్ (గుంత చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీదే తెలుస్తుంది. వెనక ఎవరైనా వస్తే ముందు వాళ్లకు దారి ఇవ్వండి.