ఊరందరికీ ఆయన మాస్టారు, నాకేమో ఇంట్లో ఉండని నాన్న

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పెద్ద ఊరు. నాన్న కాలేజీలో వాలీబాల్ బాగా ఆడేవారు. ఆంధ్రా యూనివర్సిటీ జట్టుకీ ఆడారు. తర్వాత జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారయ్యారు. రిటైరయ్యాక కూడా గ్రౌండ్ వదల్లేదు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు పోలీసుల్లో, రైల్వేలో, ఆర్మీలో ఉన్నారు. అమ్మ రోజూ తెల్లవారుజామునే లేచి ఆ పిల్లల కోసం శనగలు, గుడ్లు ఉడికించి పంపేది. నా టెన్త్ పరీక్షలప్పుడూ, అమ్మ ఆపరేషన్ రోజూ ఆయన ఏదో టోర్నమెంట్‌లో ఉన్నారు. నిరుడు గుండెపోటుతో పోయారు. ఊరు ఊరంతా కదిలొచ్చింది. సెంటర్ నిండా ఫ్లెక్సీలు కట్టారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. వచ్చే నెల సంవత్సరీకం. పాత విద్యార్థులు సంస్మరణ సభ పెడుతున్నారు. సెంటర్లో విగ్రహం, ఏటా టోర్నమెంట్ అంటున్నారు. నన్ను మాట్లాడమంటున్నారు. అమ్మని అడిగితే ‘మీ ఇష్టం’ అంటుంది. తమ్ముడు చందాల డబ్బు తనే చూసుకుంటానంటున్నాడు. ఇది చాలదన్నట్టు, నాన్న ఒక శిష్యుడి అప్పుకి హామీ సంతకం పెట్టారని బ్యాంకు నోటీసు వచ్చింది. స్టేజీ ఎక్కి ఆయన్ని దేవుడు అనలేను. కాదనీ అనలేను. లోపం నాలోనే ఉందా?

జవాబు: మీలో లోపమేమీ లేదండీ. చావింట్లో ఎవరు ఎంత ఏడ్చారో కనిపెట్టి చూసే అలవాటు మనవాళ్లలో ఉంది. ‘కూతురు కంటతడైనా పెట్టలేదు’ అని ఎవరో అనే ఉంటారు, అది మీ చెవిన పడే ఉంటుంది. పెద్దకార్యం అయ్యేదాకా వచ్చేపోయేవాళ్లకి కుర్చీలు, భోజనాలు చూసుకునే మనిషికి ఏడవడానికి తీరిక ఎక్కడిది? పైగా ఆయన మీద కోపం ఇంకా ఆరలేదు. కోపం ఉన్నచోట దుఃఖం ఆలస్యంగా బయటికొస్తుంది. కొందరికి ఏడుపుగా రాదు కూడా, నిద్ర పట్టకపోవడంగానో ఊరికే విసుక్కోవడంగానో వస్తుంది.

వాళ్ల బాధ వేరు, మీ బాధ వేరు. ఆ శిష్యులు తమకి దొరికిన మనిషిని పోగొట్టుకున్నారు. మీరు ఎప్పటికైనా దొరుకుతారని ఎదురుచూసిన మనిషిని పోగొట్టుకున్నారు. రిటైరయ్యాకైనా ఇంటిపట్టున ఉంటారని ఆశ పెట్టుకుని ఉంటారు, అదీ తీరలేదు. అందుకే వాళ్లు ‘మాస్టారు మాకు తండ్రిలాంటివారు’ అన్నప్పుడల్లా మీకు ఎక్కడో కాలుతుంది. అది అసూయ అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

హైదరాబాద్ రహీం సాబ్ పేరు వినే ఉంటారు. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకి ఫుట్‌బాల్ ఆడారు, బడిపంతులుగా పనిచేశారు, ఆ తర్వాత మన దేశపు జట్టుకి కోచ్ అయ్యారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతిమీదుగా వచ్చినవే. 1962 ఫైనల్లో, జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచేనాటికే ఆయనకి క్యాన్సర్. ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో పోయారు. ఈ కథ చాలామంది చెప్తారు. ఆయన కొడుకు హకీం సంగతి అంతగా చెప్పరు. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో హకీం ఉన్నారు, కోచ్ తండ్రే. ఒక్క మ్యాచ్‌లో కూడా దింపలేదు. 1962 జట్టులో చోటే దక్కలేదు. ఆ తండ్రీకొడుకులు ఇంట్లో ఏమనుకున్నారో మనకి అనవసరం. నేను చెప్పేదల్లా, ఇలాంటి గురువుల ఇళ్లలో పుట్టిన పిల్లలకి తండ్రి చివర్న వడ్డించడం కొత్త కాదు. సొంత పిల్లలకి ఎక్కువ పెట్టానన్న మాట పడకూడదని మొదలుపెట్టి, చివరికి అందరికన్నా తక్కువ పెడతారు. మీ నాన్నగారూ ఆ కోవలోవారే అనుకుంటాను. అలాగని ఆపరేషన్ రోజు టోర్నమెంట్‌కి వెళ్లడాన్ని నేను సమర్థించను. అది తప్పే. ఎంతమందికి ఉద్యోగాలొచ్చినా ఆ తప్పు ఒప్పైపోదు.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది శనగల సంగతి. ముందురోజు రాత్రి నానబెట్టాలి, చీకట్లో లేచి పొయ్యి వెలిగించాలి, గుడ్లు ఉడికించి క్యారేజీలో సర్దాలి. జీతం చాలని నెలల్లో ఆ గుడ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో మీ అమ్మగారికే తెలియాలి. ఆ పిల్లలు పోలీసు సెలక్షన్లలో పరిగెత్తింది ఆ తిండి మీదే. ఫ్లెక్సీల మీద ఆయన ఫొటో ఒక్కటే వేశారు. ఊరు పొగిడే ఆ మాస్టారి వెనక సగం పని ఆవిడది. ఆ మాట ఇప్పటిదాకా ఒక్కరూ అనలేదని నా అనుమానం. ఆవిడ ‘మీ ఇష్టం’ అనడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

అందుకని, సభలో మాట్లాడండి. ఐదు నిమిషాలు చాలు, కాగితం మీద రాసుకుని చదవండి. దేవుడు, త్యాగమూర్తి లాంటి మాటలు మిగతా వక్తలు ఎలాగూ వాడతారు, మీకెందుకు? ఇలా చెప్పొచ్చు: ‘మీరు గ్రౌండ్‌లో ఉన్నప్పుడు మా నాన్న మీ దగ్గర ఉండేవారు. మేం ఇంట్లో ఆయన కోసం చూసేవాళ్లం. చిన్నప్పుడు నాకు మీ మీద కోపం ఉండేది. మీకు ఆయన్నీ, శనగల క్యారేజీనీ పంపింది మా అమ్మ.’ ఇందులో అబద్ధం లేదు, నింద లేదు. ఆపరేషన్ విషయం మాత్రం స్టేజీ మీద వద్దు. అది ఇంట్లో మాట. దాన్ని తమ్ముడితోనో, మీకు బాగా దగ్గరైన స్నేహితురాలితోనో పూర్తిగా కక్కేయండి. లేదంటే ‘నాన్నా, ఆ రోజు మీరు రాలేదు’ అని మొదలుపెట్టి ఆయనకే ఒక ఉత్తరం రాయండి. చిన్నపిల్లల చేష్టలా అనిపించినా రాయండి. సభ రోజు నోరు పెగలకపోతే దండం పెట్టి దిగిపోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

సభకంటే ముందు ఒక పని చెయ్యండి. ఆ పాత విద్యార్థుల్లో నిదానస్తులు ఇద్దరు ముగ్గుర్ని ఇంటికి భోజనానికి పిలవండి. మాస్టారు గ్రౌండ్‌లో ఏం మాట్లాడేవారు, ఎవరిని తిట్టేవారు, ఓడిపోయి బస్సులో వచ్చేటప్పుడు ఏం చేసేవారు, అవన్నీ మీ అమ్మగారికి చెప్పమనండి. మీరూ వినండి. మీకు తెలియని మనిషి ఒకరు ఆ కబుర్లలో కనిపిస్తారు. బహుశా మీ గురించి ఆయన వాళ్లతో చెప్పినవీ బయటికొస్తాయి. రాకపోవచ్చు కూడా, దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి.

అమ్మగారి మౌనాన్ని తేలిగ్గా తీసుకోకండి. తిండి, నిద్ర సరిగ్గా ఉన్నాయా, నలుగురిలోకి వస్తున్నారా చూడండి. ఏడాది తర్వాత కూడా మనిషి అక్కడే ఆగిపోయినట్టుంటే డాక్టరుకి చూపించాలి. మనసు బాధలకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఏ వేళైనా సరే.

విగ్రహం సంగతి. నాకు విగ్రహాల మీద పెద్ద మోజు లేదు, అది పక్కన పెట్టండి. రోడ్ల మీద, కూడళ్లలో కొత్త విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకి చెప్పింది. సెంటర్లో పెట్టి తర్వాత ముసుగు కప్పుకునే గొడవ మీకెందుకు? ఆ డబ్బుతో గ్రౌండ్‌కి ఫ్లడ్‌లైట్లో, బూట్లు కొనలేని పిల్లలకి ఏటా బూట్లో ఇమ్మని అడగండి. టోర్నమెంట్ పెడితే మంచిదే, కానీ కుటుంబం ఖర్చు పెట్టుకుని నడపాల్సిన పని లేదని మొదటిరోజే చెప్పేయండి.

హామీ నోటీసుకి భయపడి మీ జీతంలోంచి కట్టేయకండి. హామీదారు చనిపోతే, ఆయన వదిలి వెళ్లిన ఆస్తి విలువ మేరకే వారసుల బాధ్యత. మీ సొంత సంపాదన జోలికి రాకూడదు. అయితే ఇల్లు ఆయన పేరునే ఉంటే అది ఆ లెక్కలోకి వస్తుంది కాబట్టి నోటీసుని పక్కన పడేయకుండా వకీలు చేత గడువులోగా జవాబు ఇప్పించండి. అప్పు తీసుకున్న ఆ శిష్యుణ్ని సభ కమిటీ పెద్దల ఎదుటే కూర్చోబెట్టండి. మాస్టారి విగ్రహానికి చందా రాసేముందు మాస్టారి సంతకాన్ని విడిపించమనండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. మీ నాన్నగారి మొహమాటం వల్లే ఆ సంతకం పడింది.

తమ్ముడు మంచివాడే కావచ్చు. అయినా చందాల డబ్బు ఇంటి ఖాతాలో పడకూడదు. కమిటీ పేరిట బ్యాంకు ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు తీసేలా పెట్టమనండి. ఆ ఇద్దరిలో మీ ఇంటివాళ్లు ఎవరూ ఉండొద్దు. తమ్ముడు అలిగితే నాలుగు రోజులు అలగనివ్వండి.