ఫియర్ ఫ్యాక్టరీ ‘రీమ్యాన్యుఫ్యాక్చర్’ మెటలా, టెక్నోనా?

బెంగళూరు మారతహళ్ళి పీజీలో మీ రూమ్మేట్ రోజూ పెట్టే ఈ ‘రీమ్యాన్యుఫ్యాక్చర్’ ఆల్బమ్ ఏ కోవలోకి వస్తుందని కదా మీరు అడిగింది. పుట్టుక మెటల్ (గిటార్ల హోరుతో సాగే రాక్), పెంపకం టెక్నో (యంత్రాల బీట్‌తో నడిచే డాన్స్ సంగీతం). 2011లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటల్ బ్యాండ్ మెటాలికా వాయించిన ఊరు కాబట్టి, ఇలాంటి రూమ్మేట్లు ఇక్కడ దొరుకుతూనే ఉంటారు.

లాస్ ఏంజెలెస్ బ్యాండ్ ఫియర్ ఫ్యాక్టరీ 1995లో ‘డీమ్యాన్యుఫ్యాక్చర్’ తెచ్చింది. 1997లో ఆ పాటలనే విప్పి, చాలావాటికి పేర్లు కూడా మార్చి, ‘రీమ్యాన్యుఫ్యాక్చర్’ అనే రీమిక్స్ ఆల్బమ్‌గా మళ్ళీ కట్టారు. అది కుదరడానికి కారణం అసలు పాటల్లోనే ఉంది. గిటార్ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న బాణీ), రెండు కాళ్ళతో వాయించే డబుల్ బేస్ డ్రమ్స్ రెండూ ఒకే లయకు తాళం వేసినట్టు కలిసి నడుస్తాయి, కుట్టుమిషన్ సూదిలా. కథ కూడా మనిషికీ యంత్రానికీ మధ్య గొడవే. పైగా అసలు ఆల్బమ్‌కు కీబోర్డులు వాయించిన రీస్ ఫుల్బరే ఇక్కడా రీమిక్స్‌లు చేశాడు. అతనిది ఇండస్ట్రియల్ సంగీతం, అంటే ఫ్యాక్టరీ మోతల్లాంటి కరకు ఎలక్ట్రానిక్ శబ్దాలతో అల్లేది. బ్యాండ్‌కూ అతనికీ ఈ జోడీ కొత్తది కాదు, 1993లోనే ఒక రీమిక్స్ ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు) తెచ్చారు.

మరో రీమిక్సర్ జంకీ ఎక్స్‌ఎల్. ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ సినిమా సంగీతం ఇతనిదే. డీజే డానో చేసినవి నెదర్లాండ్స్ గాబర్ బాణీ: నిమిషానికి 150 దాటిన బీట్లు, పగిలినట్టు మోగే కిక్ డ్రమ్. నా మటుకు అవి హెడ్‌ఫోన్స్‌లో తలనొప్పే, స్పీకర్లోనే బాగుంటాయి. పీజీ ఓనర్ ఒప్పుకుంటే!

ముందు రెండు ఆల్బమ్‌ల మొదటి పాటలూ వరసగా వినండి, తేడా వెంటనే పట్టుకుంటారు.