310 మంది 'వస్తాం' అన్నారు సరే, డబ్బు కట్టింది ఎందరు?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. గుంటూరులో ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 42,000. ఆరేళ్లుగా టెలిగ్రామ్‌లో ఘంటసాల పాటల అభిమానుల గ్రూపు నడుపుతున్నాను, 4,000 మంది పైనే ఉన్నారు. ఇన్నేళ్లూ ఏ పాట గొప్పదని పోట్లాడుకోవడమే గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఈ డిసెంబరులో మాస్టారి పుట్టినరోజుకి విజయవాడలో కలుద్దామా అని పోల్ పెడితే 310 మంది వస్తామన్నారు. ఏసీ ఫంక్షన్ హాలుకి రోజుకి 1,20,000 అడుగుతున్నారు, సగం అడ్వాన్సు. నా ఎఫ్‌డీ 1,80,000 ఉంది. అది తీసి కట్టేసి తర్వాత అందరి దగ్గరా వసూలు చేసుకోవచ్చా? మావారు బంగారం పెట్టి తెద్దామంటున్నారు. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. కలవొద్దని కాదు, తప్పకుండా కలవండి. కానీ మీ ఎఫ్‌డీ జోలికీ బంగారం జోలికీ వెళ్లకుండా కలవండి. ఆ 1,80,000 మీకు నాలుగు నెలల జీతం కన్నా కాస్త ఎక్కువ, అంతే. రేపు ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి అవసరం పడితే గ్రూపులో 4,000 మందీ 'త్వరగా కోలుకోవాలి' అని మెసేజ్ పెడతారు, బిల్లు మాత్రం మీరే కట్టాలి.

అసలు చిక్కు హాలుతో కాదు, ఆ 310 అంకెతో వచ్చింది. పోల్‌లో 'వస్తాం' నొక్కడానికి ఖర్చేమీ లేదు. దుబాయ్‌లో ఉన్నవాళ్లు కూడా నొక్కుతారు, మాస్టారి మీద అభిమానంతో, 'నా మనసు అక్కడే ఉంటుంది' అన్న అర్థంలో. నేనూ ఇందులో చెయ్యి కాల్చుకున్నవాణ్ణే. కొన్నేళ్ల కిందట మా డిగ్రీ బ్యాచ్ వాళ్లం కలుద్దామనుకుంటే వాట్సాప్‌లో 110 మంది బొటనవేళ్లు ఎత్తారు, నేను లెక్కలవాణ్ణి కదా అని భోజనాల బాధ్యత నాకే అప్పజెప్పారు, నేనేమో ముందూ వెనకా చూడకుండా 110 ప్లేట్లకి మాటిచ్చేశాను. వచ్చింది 64 మంది. మిగిలిన 46 ప్లేట్లకి, ప్లేటు 300 చొప్పున 13,800, నేనూ ఇంకో మిత్రుడూ చెరిసగం వేసుకున్నాం. ఊళ్లో వాళ్లందరికీ డబ్బు సలహాలు చెప్పేవాడు ఇలా దొరికిపోయాడని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

కాబట్టి మీ లెక్క పోల్‌తో కాకుండా కట్టిన డబ్బుతో మొదలుపెట్టండి. ఖర్చు రెండు రకాలు. పదిమంది వచ్చినా వందమంది వచ్చినా మారనిది ఒకటి: హాలు, మైకు, కీబోర్డు, తబలా వాయించేవాళ్లు, బ్యానరు. తలకింత చొప్పున పెరిగేది రెండోది: టిఫిను, భోజనం, టీలు, మంచినీళ్లు. చాలామంది ఈ రెండూ కలిపేసి ఒక మొత్తం వేసుకుంటారు, మునిగేది అక్కడే.

ఏసీ హాలు లెక్క చూద్దాం. మనిషికి తిండీ నీళ్లూ కలిపి 350 అనుకుందాం. నిజంగానే 310 మంది వస్తే మొత్తం 2,28,500, తలకి 737 పడుతుంది, చూడ్డానికి చవగ్గానే ఉంది. అదే 90 మంది వస్తే? 1,51,500. తలకి 1,683. అంత ఇవ్వమని మీరు అడగలేరు, తేడా మీ ఎఫ్‌డీలోంచి పోతుంది. పెద్ద హాలు చవగ్గా కనబడేది అది నిండినప్పుడు మాత్రమే, నింపే పూచీ మీ నెత్తినే.

ఇప్పుడు చిన్న లెక్క. ఈ ధరలు ఉదాహరణకి వేస్తున్నవి, మీరు కనీసం మూడుచోట్ల అడిగి వీటి స్థానంలో అసలువి రాసుకోండి. నాన్ ఏసీ హాలు 15,000, సౌండు 8,000, వాద్యాలు వాయించే ఇద్దరికి 10,000, చిల్లరమల్లర 7,000. మొత్తం 40,000. తలకి అదే 350. వాటా 900 పెడితే ఒక్కొక్కరి దగ్గరా తిండి పోను 550 మిగులుతుంది. 40,000ని 550తో భాగించండి, 73 మంది. అంటే 73 మంది కడితే మీ జేబులోంచి రూపాయి పడదు. గడువు నాటికి 60 మందే కట్టారనుకోండి, 7,000 తగ్గుతుంది, వాయించేవాళ్లలో ఒకరిని తగ్గించి, బ్యానరు చిన్నది చేస్తే సరిపోతుంది. కీబోర్డు లేకుండా శ్రుతిపెట్టెతో పాడినా మాస్టారి పద్యాలకి వచ్చే లోటేమీ లేదు, నన్నడిగితే ఇంకా బావుంటాయి. 40 మంది కూడా కట్టకపోతే హాలు మాట మర్చిపోయి, ఎవరి అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లోనో ఒక మధ్యాహ్నం కూర్చోండి.

ఈ వరస మాత్రం తప్పకండి: ముందు వసూలు, తర్వాత అడ్వాన్సు. ఒక ఆదివారం తేదీ అనుకుని, హాలు వాళ్లని పది రోజులు ఆగమని అడిగి, ఆ పది రోజుల్లో కట్టినవాళ్లనే లెక్కలోకి తీసుకోండి. హాలు వాళ్లు కుదరదంటే వేరే హాలు చూసుకోండి, బెజవాడలో హాళ్లకేం కరువు.

కరువు వచ్చేది ముహూర్తాలున్నప్పుడు. డిసెంబరు 4 నాడే కావాలని పట్టుబట్టకండి. ఆ చుట్టుపక్కల పెళ్లి ముహూర్తాలుంటే కల్యాణమండపం వాళ్లు మీతో బేరానికే కూర్చోరు. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం వస్తుంది, సంక్రాంతి దాకా పెళ్లిళ్లు ఉండవు, మండపాలు ఖాళీగా పడుంటాయి, అప్పుడు బేరం మీ చేతిలో ఉంటుంది. సగం రోజుకి ఇమ్మని అడగండి, సొంత జనరేటరు ఉందా, దాని డీజిలు ఎవరిదో, క్లీనింగు ఛార్జీ ఎంతో, అడ్వాన్సు ఏ పరిస్థితిలో వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి. మరీ సంక్రాంతికి దగ్గరగా పెట్టకండి, రైళ్లు దొరకవు. జనవరి వద్దనుకుంటే ఫిబ్రవరి 11, మాస్టారు 1974లో పోయిన రోజు, దానికి దగ్గరి ఆదివారం కూడా చూడొచ్చు, కాకపోతే మళ్లీ పంచాంగం చూసుకోవాలి.

రైళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మీ సభ్యులకి అయ్యే ఖర్చులో పెద్దది మీ 900 కాదు, ప్రయాణం. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 120 రోజుల పద్ధతి 2024 నవంబరుతో పోయింది. కాబట్టి తేదీ కనీసం 75 రోజుల ముందు తేల్చేయండి, ఆలస్యం చేస్తే జనం తత్కాల్‌లో పడి తిట్టుకుంటారు. ఇంకో సంగతి, శాతవాహన, పినాకిని, రత్నాచల్ మూడూ పొద్దున బెజవాడలో బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేవి, అంటే మనకి సరిగ్గా తిరగబడి ఉన్నాయి. హైదరాబాదు, చెన్నై, విశాఖ వాళ్లు ఎవరొచ్చినా వాటిలో వస్తే ఒక రాత్రి గది తీసుకోవాల్సిందే. సికింద్రాబాదు నుంచీ విశాఖ నుంచీ పొద్దున దిగేలా వందే భారత్‌లు ఉన్నాయి గానీ ఖరీదు, వారంలో ఏ రోజు నడవదో కూడా చూసుకోవాలి. చవకదారి రాత్రి బండి ఎక్కి తెల్లారి దిగడం, స్టేషన్లో రిటైరింగ్ రూమో డార్మిటరీయో ముందే బుక్ చేసుకుని స్నానం చేసి రావడం, మళ్లీ రాత్రి బండికి వెళ్లిపోవడం. అందుకని కార్యక్రమం పొద్దున 10 నుంచి సాయంత్రం 6 లోపు పెట్టండి, హాలు స్టేషనుకీ బస్టాండుకీ ఆటోలో పది నిమిషాల్లో ఉండేలా చూడండి. ఊరి చివర 5,000 తక్కువకి దొరికిన హాలు, 80 మంది తలో 200 ఆటోకి పోస్తే చవకది కాదు, 16,000 ఖర్చు.

మీ గ్రూపులో ఆడవాళ్లూ పెద్దవాళ్లూ ఎక్కువ ఉంటారని నా అనుమానం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, రాష్ట్రం లోపల. ఒంగోలు, ఏలూరు, రాజమండ్రి వాళ్లకి ఆధార్ కార్డుంటే చాలు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఉన్న సదుపాయం వాళ్ల రాష్ట్రం వరకే, కాబట్టి హైదరాబాదు ఆడవాళ్లు బెజవాడ దాకా ఉచితమనుకుని బయల్దేరకుండా ముందే చెప్పండి. రైల్లో సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, ఏపీఎస్ ఆర్టీసీలో మాత్రం 60 దాటినవాళ్లకి 25 శాతం ఉంది. ఈ నాలుగు ముక్కలూ ఒక మెసేజ్‌గా పెట్టి పిన్ చేయండి, మీరు భోజనంలో మిగిల్చే దానికన్నా ఎక్కువ మిగులుతుంది వాళ్లకి.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలి? మీ జీతం పడే ఖాతాలో మాత్రం వద్దు. దేనికీ వాడని ఒక పొదుపు ఖాతా తీసుకుని, దాని యూపీఐ మాత్రమే గ్రూపులో ఇవ్వండి. ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు తీసేలా పెడదామనిపిస్తుంది, మంచి ఆలోచనే గానీ అలాంటి ఖాతాకి యూపీఐ రాదు. దానికి బదులు ఖాతా మీ పేరున ఉంచి, స్టేట్‌మెంటు ప్రతి ఆదివారం ఇంకో అడ్మిన్ చేత గ్రూపులో పెట్టించండి. పెళ్లిలో చదివింపుల పుస్తకం పట్టుకుని ఒక బాబాయి కూర్చుంటాడు చూడండి, పెళ్లికొడుకు కూర్చోడు, అదే సూత్రం. ఎవరైనా వాటాకి మించి ఇస్తానంటే 1,116గా రాయించుకోండి, ఆ మిగులుతో రాలేని స్థితిలో ఉన్న ఒకరిద్దరికి వాటా మాఫీ చేయొచ్చు, పేర్లు బయటపెట్టకుండా.

పన్ను గురించి టెన్షన్ పడకండి, కానీ కాగితాలు ఉంచుకోండి. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 దాటి ఊరికే వచ్చిన డబ్బుని మీ ఆదాయంగా లెక్కేస్తారు. మీది ఊరికే వచ్చింది కాదు, అందరి తరఫున ఖర్చుపెట్టడానికి వచ్చింది. అది చూపించడానికి ఎవరెంత కట్టారో జాబితా, బిల్లులు, మిగిలితే ఎవరికెంత తిరిగిచ్చారో ఉండాలి. ఈ ఒక్కసారికి సొసైటీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఏటా చేద్దామనుకుంటే అప్పుడు ఏడుగురు కలిసి రిజిస్టర్ చేసుకోండి.

విదేశాల్లో ఉన్న సభ్యులు చందాలిస్తామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ కష్టార్జితం బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల దగ్గర, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విరాళం పుచ్చుకోకండి, ఎఫ్‌సీఆర్ఏ అనే విదేశీ విరాళాల చట్టంతో తలనొప్పి. వాళ్లొస్తే వాళ్ల భోజనం వాటా వాళ్లు కడతారు, అంతవరకే.

టికెట్లు అమ్మి బయటివాళ్లని కూడా పిలుద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఔత్సాహికుల క్లబ్బు ప్రేక్షకుల దగ్గర డబ్బు తీసుకోకుండా పాటలు ప్రదర్శిస్తే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. టికెట్ పెట్టగానే ఆ గొడుగు పోతుంది, లైసెన్సు ఫీజులు మొదలవుతాయి. మీలో మీరు భోజనానికీ హాలుకీ వేసుకునే వాటా వేరు, పాట వినడానికి డబ్బు అడగడం వేరు, రసీదులో కూడా 'భోజనం, హాలు వాటా' అనే రాయండి.

భోజనం దగ్గర క్యాటరింగ్ వాళ్లు గ్యారంటీ ప్లేట్లు ఎన్ని అని అడుగుతారు. 80 మంది కడితే 72 చెప్పండి, పైన వచ్చేవాటికి ప్లేటు లెక్కన ఇస్తామనండి, ఎనిమిది మందికి సర్దడం వాళ్లకి రోజూ ఉండే పనే. చెప్పిన ధరలో జీఎస్‌టీ ఉందో లేదో అడగండి, భోజనం మీద 5 శాతం, హాలు అద్దెకి విడిగా బిల్లేస్తే 18 శాతం. 15,000 హాలు 17,700 అవుతుంది. ఇక మెనూ. విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో మాధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని తిన్న మనిషి పేరు మీద కలుస్తున్నారు, పద్నాలుగు రకాల బఫే ఎందుకు చెప్పండి. పులిహోర, పప్పు, ఒక వేపుడు, సాంబారు, పెరుగు, ఒక స్వీటు. చాలు.

చౌటపల్లి, ఆయన పుట్టిన ఊరు, గుడివాడ దగ్గరే కదా, మర్నాడు బస్సు పెడదామనే ఆలోచన ఎవరికో వచ్చే తీరుతుంది. మంచిదే, కానీ దాని లెక్క ఈ 900లో కలపకండి. విడిగా వసూలు చేయండి, మినీ బస్సు నిండేంత మంది కడితేనే బండి, లేకపోతే ఎవరి కార్లలో వాళ్లు.

మనసు మార్చుకున్నవాళ్ల సంగతి ముందే రాసిపెట్టండి: 15 రోజుల ముందు చెప్తే పూర్తి డబ్బు వెనక్కి, ఆ తర్వాత వెనక్కి లేదు గానీ తమ చోటు ఇంకో సభ్యుడికి ఇచ్చుకోవచ్చు. ఎవరికీ మినహాయింపు లేదు, అడ్మిన్లకి కూడా. టీషర్టులు వద్దు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఎంతమంది వస్తారో తేలకముందే సైజుల జాబితా మొదలెడతారు ప్రతి గ్రూపులోనూ, చివరికి ఎక్సెల్ సైజువి ఇరవై అడ్మిన్ ఇంట్లో మిగులుతాయి. ముఖ్య అతిథిగా ఏ సినిమా గాయకుడినైనా పిలుద్దామన్నా ఈ ఏడాదికి కుదరదనండి. కారు, గది, శాలువా, తోడు వచ్చే నలుగురి భోజనం కలిపితే మీ హాలు అద్దె దాటిపోతుంది, పైగా రోజంతా ఆయన చుట్టూ సెల్ఫీలతోనే సరిపోతుంది, మీరు ఆరేళ్లుగా పోట్లాడుతున్న మనిషితో రెండు మాటలు మాట్లాడే తీరికుండదు.

మీ వారికి చెప్పండి, బంగారం బీరువాలోనే ఉండనీమని. ఈ వారం గ్రూపులో తేదీ, 900 వాటా, పది రోజుల గడువు, కొత్త ఖాతా యూపీఐ, ఇంతే పెట్టండి. పదకొండో రోజు కట్టినవాళ్ల సంఖ్య నాకు రాయండి, హాలు అప్పుడు మాట్లాడదాం.