లైట్‌హౌస్‌ల యాత్రకు అప్పెందుకు? ఐదు జీతాల్లోంచి తీయొచ్చు

ప్రశ్న: మాది తిరుపతి. జీతం చేతికి 52,000 వస్తుంది. మా ఆవిడ కుట్టుపని మీద ఇంకో ఎనిమిది వేల దాకా సంపాదిస్తుంది. పిల్లలు ఆరు, తొమ్మిది తరగతులు. ఫిబ్రవరిలో మా పెట్రోలు కారులో చెన్నై, మహాబలిపురం, పుదుచ్చేరి, తరంగంబాడి, కోడియక్కరై దాకా వెళ్లి పాత లైట్‌హౌస్‌లు పిల్లలకు చూపించాలని ఉంది. ఆరు రాత్రులకు 55,000 అవుతుందనుకుంటున్నా. 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. లక్ష రూపాయల చీటీ కడుతున్నా, 20 నెలల్లో ఇది ఆరో నెల. ఎఫ్‌డీ తీయాలా, చీటీ పాడాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

జవాబు: మూడూ వద్దు. ఫిబ్రవరి లోపల ఇంకా ఐదు జీతాలు వస్తాయి, ఆ డబ్బుతోనే వెళ్లి రావచ్చు. కాకపోతే తరంగంబాడి, కోడియక్కరై ఈసారికి పక్కన పెట్టాలి.

ముందు లోను సంగతి. 60,000 తీసుకుని 14 శాతం వడ్డీకి రెండేళ్లు కడితే ఈఎంఐ 2,880 చిల్లర. వడ్డీ తొమ్మిది వేలు దాటుతుంది. రెండు శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి మరో 1,416. వారం తిరిగొచ్చిన దానికి రెండేళ్లు కంతులు కట్టడం నాకు నచ్చదు.

చీటీ ఆరో నెలలో పాడితే పోటీ గట్టిగా ఉంటుంది. పాట 22,000కి పోయిందనుకోండి, చేతికొచ్చేది 78,000. మిగతా 14 కంతులు ఎలాగూ కట్టాలి, పైగా కంపెనీ ష్యూరిటీలు అడుగుతుంది. అవసరానికి మించి చేతికొచ్చిన డబ్బు ఇంట్లో నిలవదు, అది ఇంకో నష్టం. చివరి నెలల దాకా ఆగండి. ఇక ఎఫ్‌డీ మీ ఇంటికి ఆరేడు నెలల ఖర్చు. ఉద్యోగానికో ఆరోగ్యానికో ఏదైనా అయితే అదే దిక్కు, దాన్ని కదపొద్దు.

ఇప్పుడు అసలు ఖర్చు చూద్దాం. మీ 55,000లో లైట్‌హౌస్ టిక్కెట్లు లెక్కలోకే రావు. డబ్బు పోయేది రాత్రుళ్లకు. పుదుచ్చేరి నుంచి తరంగంబాడి, నాగపట్నం మీదుగా కోడియక్కరై సుమారు 215 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి తిరుపతి 440 దాకా. అంటే పుదుచ్చేరి నుంచే తిరిగొచ్చేదానికంటే నాలుగు వందల కిలోమీటర్లు, రెండు మూడు రాత్రులు ఎక్కువ. 1620లో డెన్మార్క్ వాళ్లు కట్టిన కోట ఉన్న తరంగంబాడి, 1890 నాటి కోడియక్కరై లైట్‌హౌస్ చూడదగ్గవే. చీటీ డబ్బు చేతికొచ్చాక వాటికి విడిగా వెళ్లండి.

ఈసారికి మూడు రాత్రులు చాలు. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే పది లోపల మెరీనా చేరతారు. అక్కడి లైట్‌హౌస్ 1977 నాటిది, పైకి లిఫ్ట్ ఉంది. సోమవారం సెలవు, మధ్యాహ్నం కాసేపు మూస్తారు. అందుకే అటు చెన్నై, ఇటు మహాబలిపురం రెండూ ఆదివారమే ముగించాలి. చెన్నై పాత లైట్‌హౌస్‌లైన 1844 నాటి స్తంభం, 1894లో దీపం పెట్టిన గోపురం హైకోర్టు ఆవరణలో ఉన్నాయి. మహాబలిపురంలో రాతి లైట్‌హౌస్ కట్టకముందు దీపం వెలిగింది పక్కనున్న పల్లవుల నాటి ఓలక్కణ్ణేశ్వర ఆలయం పైన. రెండూ ఒకే గుట్ట మీద ఉంటాయి, పిల్లలకు పక్కపక్కనే చూపించండి. లైట్‌హౌస్ టిక్కెట్ వేరు, పురావస్తు శాఖ టిక్కెట్ వేరు. రెండోది మనిషికి 40, పదిహేనేళ్ల లోపు పిల్లలకు లేదు. పుదుచ్చేరిలో బీచ్ రోడ్డు మీది పాత లైట్‌హౌస్ 1836లో వెలిగింది.

ఆదివారమే ఎందుకంటున్నానంటే, ఆ సాయంత్రానికి చెన్నై జనం వెనక్కి పోతారు, రూముల ధరలు దిగుతాయి. శని, ఆదివారాల్లో పుదుచ్చేరిలో అదే గదికి దాదాపు రెట్టింపు అడుగుతారు. బుధవారానికి ఇల్లు చేరితే పిల్లలకు మూడు రోజులే బడి పోతుంది.

ఇలా వెళితే ఊళ్లలో తిరగడంతో సహా 650 కిలోమీటర్లు. లీటరుకు 16 కిలోమీటర్ల లెక్కన పెట్రోలు 40 లీటర్లు, 4,500 పెట్టుకోండి. గదులకు రాత్రికి 3,000 చొప్పున 9,000. తిండికి 7,000. టోలు, పార్కింగ్ 1,500. టిక్కెట్లు, చిల్లర 1,000. బయల్దేరే ముందు కారు సర్వీసింగ్‌కి 3,500, దీన్ని చాలామంది లెక్కలో మరిచిపోతారు. టైరు పంక్చరుకో పిల్లల జ్వరానికో ఇంకో 3,500. మొత్తం 30,000. నెలకు ఆరు వేలు పక్కన పెడితే సరిపోతుంది.

బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్‌డీ వేద్దామంటే ఐదు నెలలకు కుదరదు. చాలా బ్యాంకుల్లో కనీసం ఆరు నెలలు, కొన్నింట్లో ఏడాది. పోస్టాఫీసుది ఏకంగా ఐదేళ్లు. త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్, అదే లిక్విడ్ ఫండ్‌లో వేసినా ఐదు నెలలకు వచ్చేది నాలుగు వందల రూపాయల చిల్లర. సేవింగ్స్ ఖాతాలో అయితే రెండు వందలు. ఆ తేడా కోసం తల పట్టుకోవద్దు. డెబిట్ కార్డు, యూపీఐ పెట్టుకోని వేరే సేవింగ్స్ ఖాతాకు జీతం పడ్డ మర్నాడే ఆటోమేటిక్‌గా ఆరు వేలు వెళ్లేలా పెట్టండి.

పెట్రోలు తిరుపతిలో ఫుల్ ట్యాంకు కొట్టించొద్దు. రాష్ట్రాలు వేసే పన్ను (వ్యాట్) తేడా వల్ల నగరి దాటి తమిళనాడులోకి వెళితే లీటరుకు ఏడెనిమిది రూపాయలు తగ్గుతుంది, పుదుచ్చేరిలో ఇంకా తక్కువ. సరిహద్దు దాటేంత ఉంటే చాలు, తిరిగొచ్చేటప్పుడు పుదుచ్చేరిలో నింపుకోండి. సుమారు 3,000 పెట్టి ఫాస్టాగ్ వార్షిక పాస్ కొనమని ఎవరైనా అంటే వద్దు. చెన్నై నుంచి మహాబలిపురానికి వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) టోలు రాష్ట్రానిది, ఆ పాస్ అక్కడ చెల్లదు. మామూలు ఫాస్టాగ్‌లోనే డబ్బు వేసి, కేవైసీ సరిగా ఉందో లేదో ముందే చూసుకోండి. ట్యాగ్ పనిచేయకపోతే జాతీయ రహదారి టోల్ దగ్గర యూపీఐతో 1.25 రెట్లు కట్టాలి.

కారు ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే అయితే మీ కారుకు జరిగే నష్టానికి పైసా రాదు. కాంప్రిహెన్సివ్ ఉన్నా, ఉప్పునీళ్లలోకి దింపి ఇంజిన్ పాడైతే ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకుండా క్లెయిమ్ కష్టం. ఇసుక మీదికి కారు తీసుకెళ్లకండి. గదులు జనవరి మొదటి వారంలోనే, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవి బుక్ చేయండి, రద్దుకు చివరి తేదీ ఎప్పుడో ఫోన్‌లో రాసిపెట్టుకోండి.