రేకుల కుండ సెగ కాదమ్మా అది

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. ఆత్రేయపురం దగ్గర పల్లెలో పూతరేకులు చేస్తాను. కొబ్బరాకు మంట ముందు కూచోవడం పాతికేళ్ళ అలవాటే, కానీ ఆర్నెల్లుగా ఉన్నట్టుండి గుండెల మీంచి మొహానికి సెగ ఎగదన్నుతోంది, జాకెట్టు తడిసిపోయి కాసేపటికే చలేస్తోంది. రాత్రి ఫ్యాను కిందా ఇదే వరస. ముట్టు రెండేసి నెలలు రాదు, వస్తే బాగా అవుతోంది. వేడి చేసిందని సబ్జా నీళ్ళు, మజ్జిగ తాగుతున్నా. మా పెద్ద తోటికోడలు 36 ఏళ్ళకే గర్భసంచి తీయించుకుంది, "నువ్వూ తీయించేసుకో, ఓ పనైపోతుంది" అంటోంది. తీయించుకోనా?
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: సెగల కోసమైతే వద్దు. మీరు రాసింది చూస్తే ముట్లుడిగే ముందు వచ్చే మార్పులాగే ఉంది, వేడి చేయడం కాదు (మజ్జిగ మానక్కర్లేదు లెండి). ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ హెచ్చుతగ్గులై పడిపోతుంటే, ఒంటి వేడిని కనిపెట్టుకునే మెదడు భాగం కాస్త వేడికే కంగారుపడి చెమట పట్టించేస్తుంది. కుండ ముందు కూచున్న మీకు అది రెండింతలు తెలుస్తుంది మరి. వరసగా 12 నెలలు ముట్టు రాకపోతేనే ఆగిపోయినట్టు లెక్క, మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకే అది జరుగుతుంది, కాబట్టి మీకేమీ ముందుగా రాలేదు.

గర్భసంచి తీస్తే ముట్టు ఆగుతుంది, సెగలు ఆగవు. అండాశయాలు కూడా తీసేశారంటే కొన్నేళ్ళలో నెమ్మదిగా జరగాల్సింది ఒక్కసారే మీద పడుతుంది, ఎముకలూ త్వరగా గుల్లబారతాయి. మీ తోటికోడలికి అవి ఉంచారా తీశారా? అడిగి చూడండి, చాలామందికి ఆ సంగతే తెలీదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3 శాతం ఉంటే మన ఆంధ్రలో దాదాపు 9 శాతం, ఇంకే రాష్ట్రంలోనూ అంత లేదు. పిల్లల ఆపరేషన్ అయిపోయింది, ఇక ఆ సంచితో పనేంటి అనేస్తాం, నాకు ఒళ్ళు మండే మాట అది. పెద్ద గడ్డలో, క్యాన్సరో ఉంటే సరే, తీయాల్సిందే.

ముట్లు ఆగిపోతే హాయే అనుకునేవాళ్ళూ బోలెడుమంది, అంతర్వేది తీర్థానికి మాత్ర మింగి వెళ్ళే బాధ తప్పుతుందని. తప్పేం లేదు, నాకూ అలాగే అనిపించింది.

కానీ "బాగా అవుతోంది" అన్నారే, ఎంతో చెప్పలేదు. గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, రక్తం గడ్డలుగా పడుతున్నా, వారం దాటినా వయసుదిలే అని ఊరుకోకండి, ఆడ డాక్టరుకి చూపించి స్కానింగ్, రక్తపరీక్ష చేయించుకోండి. ఏడాది ఆగిపోయాక చుక్క కనిపించినా అంతే, వెంటనే వెళ్ళాలి. సెగలు మరీ నిద్ర పట్టనివ్వకపోతే హార్మోన్ మాత్రలున్నాయి, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకీ, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్ళకీ అవి పనికిరావు గనక సొంతంగా కొని వాడొద్దు. వ్రతాల కోసం ఎలాగూ కేలండర్‌లో తేదీలు గుర్తుపెట్టుకుంటాం కదా, ఆ కాగితాలే చింపి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి.