క్యాష్‌బ్యాక్: కూడబెట్టాలా, ఎప్పటికప్పుడు తీసేసుకోవాలా?

ప్రశ్న: నా క్రెడిట్ కార్డు మీద నెలకు దాదాపు 300 రూపాయల విలువైన పాయింట్లు వస్తున్నాయి. నెలనెలా బిల్లులో తగ్గించుకోవడం మంచిదా, పోగుచేసి ఒకేసారి తీసుకోవడం మంచిదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు మీ కార్డు చార్జీల పట్టికలో రిడెంప్షన్ ఫీజు (పాయింట్లను సొమ్ముగా మార్చినందుకు బ్యాంకు తీసుకునే రుసుము) ఎంతో చూడండి. చాలా బ్యాంకులు ఒక్కో రిక్వెస్టుకు 99 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటాయి. మొత్తం 116 రూపాయల 82 పైసలు. 300 మార్చినా 3,000 మార్చినా ఫీజు అంతే. నెలనెలా తీస్తే ఏడాదికి వచ్చే 3,600లో 1,400 పైచిలుకు ఫీజులకే పోతుంది. ఏడాదికోసారి తీస్తే పోయేది 117 రూపాయలే. ఆగినందుకు వడ్డీ నష్టం కదా అనకండి: అదే సొమ్మును నెలనెలా 3 శాతం వడ్డీ వచ్చే సేవింగ్స్ ఖాతాలో వేసుకున్నా ఏడాది చివరికి 50 రూపాయలు రావడం కష్టం. కాబట్టి ఏడాదికి ఒకసారి తీసుకోండి.

అంతకుమించి మాత్రం దాచవద్దు. చాలా కార్డుల్లో పాయింట్లకు రెండేళ్ల గడువు ఉంటుంది. గడువు మిగిలున్నా విలువ మన చేతిలో ఉండదు. యాక్సిస్ బ్యాంకు సాధారణ మాగ్నస్ కార్డులో 5 పాయింట్లకు 4 మైళ్లు (విమాన టికెట్లకు వాడుకునే ఎయిర్‌లైన్ పాయింట్లు) ఇచ్చేది. 2023 సెప్టెంబర్ 1 నుంచి 2కు తగ్గించింది. లక్ష పాయింట్లు దాచుకున్నవారికి 80,000 మైళ్లు రావాల్సిన చోట 40,000 మిగిలాయి. పాయింట్లంటే మీ పేరున ఉన్న డిపాజిట్ కాదు, బ్యాంకు ఇష్టప్రకారం మారే రేటు.

ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్, ఫ్లిప్‌కార్ట్ యాక్సిస్ లాంటి కార్డుల్లో సొమ్ము దానంతట అదే కార్డు ఖాతాలో జమవుతుంది. వాటికి ఈ లెక్కే అక్కర్లేదు.

ప్రశ్న: బిల్లు 6,000 వచ్చింది. 2,000 పాయింట్ల రూపంలో సర్దుబాటు చేసుకుని 4,000 కట్టాను. తర్వాతి నెల వడ్డీ వేశారు. ఇదెక్కడి న్యాయం?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నిబంధనల్లో ఉన్నదే, చిన్న అక్షరాల్లో. చాలా బ్యాంకులు పాయింట్ల జమను ఆ నెల బిల్లుకు చెల్లింపుగా లెక్కించవు. పైగా అది ఖాతాలో పడడానికి కొన్ని పనిదినాలు పడుతుంది. బ్యాంకు దృష్టిలో మీరు 2,000 బాకీ పెట్టారు. ఆ బాకీకి కొన్న తేదీ నుంచే వడ్డీ మొదలవుతుంది. నెలకు 3.5 నుంచి 3.75 శాతం. అంతకంటే పెద్ద దెబ్బ ఏమిటంటే, పూర్తి బిల్లు కట్టేదాకా కొత్త కొనుగోళ్లకూ వడ్డీ లేని గడువు ఉండదు.

పద్ధతి ఇది: బిల్లు మొత్తం గడువులోగా కట్టేయండి, పాయింట్లు ఆ తర్వాత మార్చండి. ఆ జమ వచ్చే బిల్లులో తగ్గుతుంది. ఈసారికి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి వడ్డీ రద్దు చేయమని అడిగి చూడండి.

ప్రశ్న: హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా కార్డులో 10,000 పాయింట్లున్నాయి. నగదుగా తీసుకోనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దు. నగదుగా ఒక్కో పాయింటుకు 20 పైసలు, అంటే 2,000 రూపాయలు. అదే బ్యాంకు సొంత కొనుగోళ్ల సైటు స్మార్ట్‌బైలో విమాన టికెట్లకు వాడితే పాయింటుకు 50 పైసల చొప్పున 5,000. టికెట్ మొత్తం పాయింట్లతో రాదు, కొంత కార్డు మీద కట్టాలి. కొనేముందు అదే విమానం ధరను ఎయిర్‌లైన్ సొంత సైటులో పోల్చుకోండి, అక్కడ చవగ్గా ఉంటే మీ లాభం అంతమేరకు కరిగిపోతుంది. ఏడాదిలోగా విమానం ఎక్కే ఆలోచనే లేకపోతే క్యాటలాగ్ వోచర్లు చూడండి.

ప్రశ్న: డాలస్ నుంచి శాశ్వతంగా హైదరాబాద్ వచ్చేస్తున్నాం. అక్కడి కార్డుల్లో క్యాష్‌బ్యాక్ ఉంది. దాన్ని ఏం చేయాలి?

జవాబు: డిస్కవర్ క్యాష్‌బ్యాక్‌కు గడువు లేదు, ఎంత చిన్న మొత్తమైనా తీసుకోవచ్చు. చేజ్‌లో పాయింటుకు ఒక సెంటు వస్తుంది, కానీ కార్డు మూసేముందే తీసేసుకోండి. వరుస తప్పకూడదు: ముందు క్యాష్‌బ్యాక్‌ను బ్యాంకు ఖాతాకు పంపండి, అది జమయ్యాక కార్డు మూయండి, బ్యాంకు ఖాతా అన్నిటికన్నా చివర. ఆలస్యంగా వచ్చే రిఫండ్లు కూడా ఆ ఖాతాకే రావాలి.