నాటకశాల కుట్టుగదిలో వేసవి: బయల్దేరే ముందు లెక్క వేసుకో

ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ అమెరికాలో రంగస్థల దుస్తుల విభాగంలో ఎం.ఎఫ్.ఏ. (లలితకళల్లో పీజీ) మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. వేసవిలో 11 వారాల పాటు ఒక నాటకశాల కుట్టుగదిలో ఇంటర్న్‌గా పనిచేయడానికి ఆమెకు పిలుపు వచ్చింది. ఉండడానికి గది వాళ్ళే ఇస్తారు, వారం వారం కొంత స్టైపెండ్ ఇస్తారు. దానికి వెళ్ళాలా, లేక క్యాంపస్ లైబ్రరీలో గంటల లెక్కన జీతం వచ్చే పనిలో చేరాలా, వెళ్తే ఏమేం తీసుకువెళ్ళాలి అన్నది ఆమె సందేహం. వయసులో మా అన్న కూతురంతటిది కాబట్టి చనువుగా ‘నువ్వు’ అనే రాస్తున్నాను.

వెళ్ళమ్మా. కానీ స్టైపెండ్ అంకెను వారాలతో గుణించి, ఆ వచ్చినదాన్ని రూపాయల్లోకి మార్చి, దాన్ని ఇంట్లో వాళ్ళకు చెప్పే పని మాత్రం చేయకు. నేను చేశాను.

2005 వేసవిలో నాకు ఇస్తామన్నది వారానికి 250 డాలర్లు. కాగితం చేతికి రాగానే 250ని 11తో, ఆ వచ్చిన 2,750ని అప్పటి 44 రూపాయలతో గుణిస్తే లక్షా 21 వేలు తేలింది. ఫోన్ కార్డు గీకి కావలికి ఫోను చేసి ఆ అంకెను అమ్మకు చెప్పాను. ఆమె అప్పటికి పాతికేళ్ళుగా తొక్కుడు మిషను మీద జాకెట్లు కుడుతోంది. లైనింగు జాకెట్టుకు 40 రూపాయలు తీసుకునేది, అందులో హుక్కులకూ దారానికీ ఆమే పెట్టుకునేది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత “అన్ని జాకెట్లు అక్కడ ఎవరు తొడుక్కుంటారే?” అంది. సాయంత్రానికి ఆ అంకె వీధంతా తిరిగింది, మూడో రోజుకు మా మేనమామ ముసునూరు దగ్గర ఏదో స్థలానికి బయానా ఇచ్చే సంగతి కదిపాడు. అన్ని లెక్కలూ తేలాక నాకు మిగిలింది 195 డాలర్లు. మిగతాది ఎక్కడికి పోయిందో వివరంగా రాస్తాను, నీకు అక్కరకు వచ్చేది అదే.

మొదట గది అద్దె. నాటకశాలవాళ్ళు గది ఉచితంగా ఇచ్చారన్న సంతోషంలో, యూనివర్సిటీ ఊళ్ళో నేను సంతకం పెట్టిన 12 నెలల ఒప్పందం వేసవిలోనూ నడుస్తూనే ఉంటుందన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు. నెలకు 310 చొప్పున మూడు నెలలకు 930 డాలర్లు, ఎవరూ పడుకోని పరుపు కోసం కట్టాను. ఆ గదిని ఎవరికైనా సబ్‌లీజుకు, అంటే నా బదులు వేసవికి మారు అద్దెకు ఇవ్వవచ్చునని మే నెల మూడో వారంలో ఒకరు చెప్పారు. అప్పటికి ఊరు ఖాళీ అయిపోయింది.

రెండోది ఇంకా చిత్రమైనది. ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు క్యాంపస్ బయట ఇంటర్న్‌షిప్ చేయాలంటే సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేయనిచ్చే) అనుమతి కావాలి. అది పని మొదలయ్యే రోజుకు ముందే విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద అచ్చయి ఉండాలి. ఈ నియమాలన్నీ మీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నాకన్నా బాగా చెబుతుంది కాబట్టి వాటిని సాగదీయను. వాళ్ళు చెప్పకుండా వదిలేసేది డబ్బు సంగతి. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ అనుమతి కోసం వేసవిలో ఒక కోర్సు కింద పేరు నమోదు చేసుకోవాలి, దానికి ఫీజు ఉంటుంది. ఫారంలో 1 నుంచి 3 క్రెడిట్లు అని ఉంటే, మన చదువుల అలవాటు కొద్దీ ఎక్కువ ఉంటే మంచిదే కదా అని నేను 3 రాశాను. ఒక్కటి సరిపోయేది. 280 కట్టవలసినచోట 840 కట్టాను, అంటే నేను పనిచేయడానికి నేనే మూడు వారాలకు పైగా స్టైపెండ్ ఎదురిచ్చాను.

ఇక పనిముట్లు. కుట్టుగదిలో మిషన్లు, ఇస్త్రీలు, దారాలు వాళ్ళవే ఉంటాయి, కత్తెర మాత్రం ఎవరిది వాళ్ళదే. నేను కావలి నుంచి తెచ్చుకున్న ఇనుప కత్తెర మంచిదే, కానీ పట్టుబట్టల మధ్య పెట్టి తెచ్చినప్పుడు దాని మొన వంగింది. అది చూసి ఎవరైనా నవ్వుతారేమోనన్న సిగ్గుతో దుకాణానికి వెళ్ళి, ఉన్నవాటిలో ఖరీదైన 8 అంగుళాల కత్తెర, దారాలు తుంచే చిన్న కత్తెర, కుట్లు విప్పే పరికరం, అయస్కాంతం అమర్చిన గుండుసూదుల గిన్నె, మంచి టేపు, ఇంకా ఏవేవో కొని 140 డాలర్లు వదిలించుకున్నాను. వాటిలో సగం ఆ వేసవిలో పెట్టె దాటి బయటకు రాలేదు. నువ్వు గుడ్డ కోసే కత్తెర ఒకటి, చిన్న కత్తెర ఒకటి, సుద్ద, అంగుళాల టేపు, చేతివేలికి తొడుగు పట్టుకెళ్ళు. గుడ్డ కత్తెరతో కాగితం కోయకు. మా అమ్మ తన కత్తెరను బీరువాలో దాచినట్టే అక్కడా ప్రతివాళ్ళూ తమ కత్తెరకు రంగు రిబ్బను కట్టి కాపలా కాస్తారు, దాని జోలికి వెళ్ళకు.

ప్రయాణానికి 95, పది వారాల వంట సరుకులకు 300. నెల్లూరు మొలగొలుకులు తిన్న నోటితో నేను ఆ ఊరి దుకాణంలో దొరికిన పొడవు గింజల బియ్యం తిన్నానంటే నా పొదుపు ఎలాంటిదో నువ్వే ఊహించుకో. కారప్పొడి, గోంగూర పచ్చడి ఇక్కడినుంచే పట్టుకెళ్ళు. వేసవి నాటకాలు ఆడేది ఎక్కువగా చిన్న ఊళ్ళలోనే: న్యూ మెక్సికోలో 1957లో మొదలైన శాంటా ఫే ఒపెరా కావచ్చు, ఆరెగాన్‌లోని ఆష్లండ్‌లో 1935 నుంచి ఉన్న షేక్‌స్పియర్ ఉత్సవం కావచ్చు, యూటాలోని సీడార్ సిటీలో జరిగేది కావచ్చు. అలాంటి ఊళ్ళలో మన సరుకుల కొట్టును వెతుక్కుంటూ వెళ్తే టాక్సీకి అయ్యే ఖర్చు కందిపప్పు ధరకు పదింతలు ఉంటుంది.

ఇప్పుడు పని గురించి. డిజైనరు వేసిన బొమ్మను చూసి డ్రేపరు కాగితం మీదో మనిషి ఆకారపు దిమ్మ మీదో నమూనా తీస్తారు, వారికి సహాయకులైన ఫస్ట్ హ్యాండ్ గుడ్డ కోసి ముక్కలు సిద్ధం చేస్తారు, స్టిచ్చర్లు కుడతారు. అసలు గుడ్డ ముట్టుకునే ముందు రంగు వేయని చవక నూలు గుడ్డతో ఒకటి కుట్టి నటుడికి తొడిగి చూస్తారు. ఇంటర్న్ అంటే స్టిచ్చరుకు సహాయం చేసే మనిషి: హుక్కులు, కాజాలు, అంచు కుట్లు, ఇస్త్రీ, నటుల పేర్ల పట్టీలు కుట్టడం. నాకు చిన్నప్పటి నుంచీ కుట్టు వచ్చు కాబట్టి ఇదంతా నాకు తక్కువ పని అనుకున్నాను, ఆ అతి తెలివే నా కొంప ముంచింది.

మొదటి వారం అంచు చూసి కుట్టాను. ఇక్కడ అమ్మే ఇంటి నమూనాల్లో అంచు నుంచి అంగుళంలో 5/8వ వంతు లోపలికి కుట్టాలని ఉంటుంది, మనం మిషను పాదం అంచును గుడ్డ అంచుకు ఆనించి మిషను తోలేస్తాం. నాటకశాలలో గుడ్డ అంచుకు విలువ లేదు. నల్లగానో నీలంగానో గీసి ఇచ్చిన గీత మీదే సూది పడాలి, అంచు దగ్గర ఎంత గుడ్డ వదిలారన్నది ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటుంది. రెండు చేతులు కుట్టి, రెండూ విప్పాను.

దానితోనైనా బుద్ధి రావలసింది. రెండో వారంలో ఒక పట్టు గౌను పైభాగం నా చేతికి ఇచ్చారు. వీపు మధ్యలో డ్రేపరు రెండేసి అంగుళాల గుడ్డ వదిలారు. దారాలు ఊడి రాకుండా అంచులు ఓవర్‌లాక్ చేయమన్నారు. ఆ మిషనుకు సూదితో పాటు కత్తి కూడా ఉంటుంది, అది కుడుతూనే అంచును కోసేస్తుంది. అంత గుడ్డ వేలాడుతుంటే మోటుగా ఉందని, శుభ్రంగా కనబడాలని, నేను కుట్టు గీతకు అర అంగుళం దూరంలో పోనిచ్చాను. కత్తి పక్కన రాగి రంగు పట్టు పేలికలు చుట్టలు చుట్టుకుంటూ చెత్తబుట్టలోకి జారుతుంటే ఎంత చక్కగా వస్తోందో అనుకున్నాను కూడా. మధ్యాహ్నం ఆ నటికి తొడిగితే వీపు దగ్గర అంగుళంన్నర చాలలేదు. విప్పి వదులు చేద్దామంటే లోపల గుడ్డ లేదు.

ఆ సమయంలో నా మనసులో ఉన్నది ఆ నటి కాదు, ప్రదర్శన కూడా కాదు. గజం 32 డాలర్ల పట్టు, రెండు గజాలు, పైగా డ్రేపరు సగం రోజు కూలి, అంటే నా స్టైపెండ్‌లో ఎన్ని వారాలు కోస్తారు అన్న లెక్క ఒక్కటే. ఆ భయంతో, నేను చేయలేదు, గుడ్డ అలాగే వచ్చింది అని అబద్ధం చెప్పాను. ఆ రాత్రి గదిలో చీటీ మీద కూడికలు వేస్తూ కూర్చున్నాను. మర్నాడు ఉదయం చెత్తబుట్ట ఖాళీ చేసిన మనిషి ఆ రాగి రంగు పేలికలను బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఇక దాచేదేమీ లేక ఒప్పుకున్నాను. డ్రేపరు వీపు తెరిచి, రెండు వైపులా చిల్లులు వేయించి, మధ్యలో వేరే గుడ్డ పట్టీ పెట్టి తాడుతో బిగించేలా మార్చింది. నా దగ్గర పైసా పట్టుకోలేదు. పొరపాటున పాడైన గుడ్డకు ఇంటర్న్ దగ్గర డబ్బు వసూలు చేయడం అక్కడ లేదని నాకు ముందే తెలిసి ఉంటే, ఆ అబద్ధం చెప్పి ఉండేదాన్ని కాదు. ఆ అబద్ధానికి మాత్రం నెల రోజులు ఇస్త్రీ బల్ల దగ్గరే ఉంచారు.

సిగ్గు కలిగించేది ఏమిటంటే, ఆ గుడ్డ ఎందుకు వదులుతారో నాకు పుట్టుకతో తెలియాలి. మా అమ్మ కుట్టిన ప్రతి జాకెట్టులోనూ పక్కల్లో రెండు మూడు వరసల కుట్లు ఉండేవి, పిల్ల ఒళ్ళు చేస్తే ఒక వరస విప్పుకోవడానికి. మా ఊళ్ళో తిరునాళ్ళకు ఆడే పౌరాణిక నాటకాలకు డ్రెస్సులు అద్దెకు తెచ్చేవాళ్ళు. నిన్న బక్కపలచని కృష్ణుడు తొడుక్కున్న ముఖమల్ కోటునే ఇవాళ బొజ్జ ఉన్న దుర్యోధనుడు తొడుక్కోవాలి, అందుకే వెనక నాడాలు ఉండేవి. ఇక్కడా అంతే. ప్రదర్శన అయిపోయాక ఆ గౌను గిడ్డంగిలోకి వెళ్తుంది, అయిదేళ్ళకు మరో నటికి సరిపెడతారు. లోపలి గుడ్డ నాటకశాల బ్యాంకు ఖాతా లాంటిది. నేను దాన్ని అడగకుండా ఖర్చు పెట్టేశాను.

(చెమట కంపు పోవడానికి ఉతకలేని దుస్తుల మీద చవక వోడ్కాను సీసాతో పిచికారీ చేస్తారు. ఆ సీసా పట్టుకుని ఉన్న ఫొటో ఇంటికి పంపకు.)

ఒంటరిగా అనిపిస్తుందేమో అని కూడా రాశావు. తెర లేచే ముందు వారం రాత్రి పదకొండు దాకా గుండీలు కుట్టినవాళ్ళకు ఒంటరితనం గుర్తు రాదు, నిద్ర గుర్తు వస్తుంది. దాని గురించి దిగులు పడకు, డబ్బు సంగతి చూసుకో.

ముఖ్యంగా ఒప్పందంలో ఆఖరి తేదీ ఏమిటో చదువు. నాటకాలు ఆగస్టు నెలాఖరు దాకా ఆడతాయి కదా, పనీ అప్పటిదాకా ఉంటుందని నేను అనుకున్నాను. కుట్టుగది పని సీజనులో ఆఖరి నాటకం మొదటి ప్రదర్శనతో ముగుస్తుంది. ఆ తరువాత రోజూ దుస్తులు తొడిగించి, ఉతికి, చిరుగులు చూసుకునేది వార్డ్‌రోబ్ వాళ్ళు. ఒప్పందంలో ‘11 వారాల వరకు’ అని ఉన్నదాన్ని ‘11 వారాలు’ అని చదువుకున్నాను. పదో వారం చివర చేతులు కలిపి పంపించేశారు, మరో 250 పోయాయి.

పన్నుల విషయం రెండు ముక్కల్లో చెబుతాను. ఎఫ్‌-1 విద్యార్థులకు మొదటి 5 క్యాలెండరు సంవత్సరాల్లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు (వృద్ధాప్య పింఛనుకూ వైద్యానికీ జీతంలో కోసేవి) సాధారణంగా ఉండవు. చిన్న నాటకశాలల గుమాస్తాలకు ఈ సంగతి తెలియక కోసేస్తారు. నా దగ్గర 7.65 శాతం చొప్పున 191 డాలర్ల 25 సెంట్లు కోశారు, ఏడాది తరువాత కాగితాలు పెట్టి రాబట్టుకున్నాను. పైన చెప్పిన 195లో అవి కూడా కలిసే ఉన్నాయి. అవి తీసేస్తే ఆ సీజను చివర నేను బస్సు ఎక్కినప్పుడు జేబులో ఉన్నది నాలుగు డాలర్లు, మా మేనమామ స్థలం సంగతి ఇక నువ్వే ఊహించుకో. మొదటి జీతం చెక్కుతో వచ్చే చీటీని జాగ్రత్తగా చదువు. భారతదేశం నుంచి వచ్చిన విద్యార్థులు రెండు దేశాల పన్ను ఒప్పందం కింద స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడకుండా తీసేసే నిర్ణీత మొత్తం) తీసుకోవచ్చునన్నది కూడా మర్చిపోకు.

ఇంత చదివాక లైబ్రరీయే మేలు కదా అని నీకు అనిపిస్తుంది. ఈ ఒక్క వేసవి లెక్కలో లైబ్రరీయే మేలు, నిజమే. అయితే మన చదువుకు పట్టా తరువాత దొరికే పని అనుమతి 12 నెలలే, సాఫ్ట్‌వేర్ పిల్లలకు వచ్చే 24 నెలల పొడిగింపు సాధారణంగా మనకు రాదు. ఆ 12 నెలల్లో నిన్ను పిలవడానికి నీ కుట్టు చూసిన మనిషి ఒకరైనా ఉండాలి. నన్ను ఇస్త్రీ బల్ల దగ్గర నిలబెట్టిన ఆ డ్రేపరే మరుసటి వేసవికి వారానికి 400 ఇచ్చి స్టిచ్చరుగా పిలిచింది, ఆ తరువాత నా మొదటి ఉద్యోగానికి ఉత్తరం రాసిచ్చింది. ఇవాళ డ్రేపరు బల్ల నాది. ఏటా వచ్చే ఇంటర్న్‌లకు ఓవర్‌లాక్ మిషను చూపించే ముందు నా రాగి రంగు గౌను కథ చెబుతాను, నవ్వుతారు, వాళ్ళలో ఒకరు ఎలాగూ కోసేస్తారు.

కాబట్టి నాటకశాలకు ‘వస్తాను’ అని రాసేయి, క్రెడిట్ ఒక్కటే పెట్టు. ముందుగా మాత్రం నీ గది సబ్‌లీజుకు ఉందని ఈ వారమే ప్రకటన అంటించు. ఇంటి యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకో, వచ్చేవాళ్ళ దగ్గర మొదటి నెల అద్దె ముందే తీసుకో. ఏప్రిల్ దాటితే పూర్తి అద్దెకు ఎవరూ రారు, సగం అద్దెకు వచ్చినా వద్దనకు.